గడియకుడుక – శంకుచ్ఛాయ

శ్రీమద్భాగవతము నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానము వైష్ణవ గృహములందు చిన్నపిల్లలకు సైతము తెలిసిన కథ. సంవత్సరకాలము ద్వాదశీవ్రతము నడపిన ఆ రాజర్షి పారణకు సిద్ధముగా నున్న వేళ దుర్వాసమహర్షి అతిథియై వచ్చెను. స్నానమునకై యమునకు పోయి తడవు చేసెను. ద్వాదశి మించిపోవుచున్నది. అతిథి భుజింపక ముందు తాను భుజించుట దోషము. ద్వాదశి దాటిన పిదప పారణ చేయుట వ్రతభంగము. విప్రులతో విచారించి రాజు జలమాత్రము స్వీకరించెను. ఇందలి ధర్మసూక్ష్మమును గూర్చి పెద్దలు ఎంతయో చెప్పియున్నారు. కాని కథలోని ఒక చిన్న మాటపై సాధారణముగా దృష్టి నిలువదు. అప్పటికి ద్వాదశి మిగిలియున్నది అర్ధముహూర్తము. ముహూర్తమునకు రెండు నాడికలు. కనుక మిగిలినది ఒక్క నాడిక, అనగా ఒక్క గడియ. నేటి లెక్కలో 24 నిమిషములు. గోడగడియారము లేని కాలమున, ఇంక ఒక్క గడియయే ఉన్నదని వారు ఎట్లు నిర్ణయింపగలిగిరి?

ఉత్తరము ఆ గ్రంథమునందే కలదు. తృతీయస్కంధము పదునొకండవ అధ్యాయమున మైత్రేయమహర్షి విదురునకు పరమాణువు మొదలుకొని కాలవిభాగమును బోధించుచు, నాడికను కొలుచు పాత్రను వర్ణించెను. ఆరు పలముల తూకముగల పాత్ర; ప్రస్థము నీరు పట్టునది; నాలుగు మాషముల బంగారముతో నాలుగంగుళముల పొడవున చేసిన సూదితో అడుగున రంధ్రము. ఆ పాత్ర నీటిపై నుంచగా నిండి మునుగుటకు పట్టు కాలము ఒక నాడిక. పురాణశ్రవణము చేయువారు ఈ శ్లోకమును తొందరగా దాటిపోవుట కద్దు. నిజమునకిది యంత్రము చేయువానికి ఇచ్చిన కొలతల పత్రము.

దీనినే తెలుగువారు గడియకుడుక అనిరి. కుడుక యనగా ఎండుకొబ్బరి చిప్ప. తెలంగాణమున నేటికిని అంగడిలో వినవచ్చు మాట. గడియను కొలుచునది గనుక గడియారము; గడియలు నిండినప్పుడు మ్రోగించునది గంట. నేడు గంట యనిన 60 నిమిషములు, అనగా రెండున్నర గడియలు. జాము ఏడున్నర గడియలు. దినమునకు 60 గడియలు, గడియకు 60 విఘడియలు, విఘడియకు ఆరు ప్రాణములు. ప్రాణమనగా సుఖముగా కూర్చున్న మనుష్యుని ఒక్క ఉచ్ఛ్వాసనిశ్వాసము, నాలుగు సెకండ్లు. లెక్కించి చూచినచో రాత్రింబవళ్ళకు 21,600 శ్వాసలు వచ్చును.

బంగారుసూది సంగతి కొంత నిలిచి ఆలోచింపదగినది. రంధ్రము ఇంత వెడల్పని సూటిగా చెప్పక, సూదికి తూకమును పొడవును ఏల చెప్పవలెను? వెండ్రుక మందము గల తేడాను కొలుచు సాధనము ఆ కాలమున లేదు. కాని గురిగింజ యెత్తు బంగారమును తూచు త్రాసు ప్రతి కంసాలి యింట నుండెడిది. లోహము మేలిమిదై, తూకము తెలిసి, పొడవు తెలిసినచో, మందము తనంత తానే నిర్ణయమగును. కంటికి అందని కొలతను చేతికి అందు రెండు కొలతలుగా మార్చిన ఉపాయమిది. దీనిని నేటి పిల్లవాడు సైతము సరిచూడవచ్చును. ఒక మీటరు పొడవు రాగితీగను తూచిన 7 గ్రాములు వచ్చెననుకొందము. రాగి ఘనసెంటీమీటరునకు సుమారు 9 గ్రాములు తూగును గనుక ఆ తీగ మందము దాదాపు 1 మిల్లీమీటరు. సూక్ష్మమాపకములు లేకయే, బంగారము దుకాణపు తక్కెడతో ఇంత పని జరిగినది.

ఇంజనీరింగు విద్య యనగా పెద్ద పట్టణములలో పెద్ద యంత్రముల నడుమ మాత్రమే నేర్వవలసినదను అభిప్రాయమొకటి మనలో వేళ్ళూనినది. ఓరుగల్లున 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వెలసిన నాటి నుండి ఆ ప్రాంతపు గ్రామములనుండి ఎందరో పిల్లలు ఆ చదువునకు పోవుచున్నారు. కాని చేతితో ఒక వస్తువును చేసి, అది తప్పుగా నడచుట చూచి, ఎందుకు తప్పినదో కనుగొని, మరల సరిచేయుట అను అనుభవము పుస్తకములోని బొమ్మ వలన రాదు. ఆ అనుభవమునకు కాలమును కొలుచు పరికరములను మించిన పాఠము లేదు. ఖర్చు స్వల్పము, తప్పు దాగదు, సూర్యుడు ప్రతిదినము పరీక్షాధికారియై వచ్చును.

కాజీపేట – విజయవాడ రైలుమార్గమున నెక్కొండకును మహబూబాబాదునకును నడుమనున్న కేసముద్రమును దృష్టాంతముగా తీసికొందము. 2016లో జిల్లాల విభజన జరుగువరకు వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. వ్యవసాయ మార్కెటు గల ఊరు గనుక అచటి పిల్లలకు తూకములు, కొలతలు కొత్తవి కావు. వారి చేతికి రెండు స్టీలు గ్లాసులు, ఒక మట్టికుండ, సన్నని మేకులు, ఒక బకెట్టు నీరు ఇచ్చి, గడియ కాలమును కొలుచు సాధనమును చేయుడని చెప్పినచో ఏమి జరుగును?

ఎక్కువమందికి మొదట తోచునది కుండకు అడుగున బెజ్జముచేసి నీటిని కారనిచ్చుట. వేదాంగజ్యోతిషకాలమున వాడిన విధము దాదాపు ఇదియే. కుండలోపల సమాన దూరములలో గీతలు గీసి, ఒక్కొక్క గీత దిగుటకు సమానకాలము పట్టునని పిల్లలు భావింతురు. అట్లు జరుగదు. నీటిమట్టము ఎత్తుగా నున్నప్పుడు ధార వడిగాను, తగ్గినకొలది మందముగాను పడును. నిలువు గోడల పాత్రలో పైసగము ఖాళీయగుటకు మొత్తము కాలములో నూటికి 29 పాళ్ళు పట్టిన, క్రిందిసగమునకు 71 పాళ్ళు పట్టును. గీతల నడుమ దూరము మార్చుకొనవలెను, లేదా పైనుండి నీరు పోయుచు మట్టమును స్థిరముగా నుంచవలెను. ఈ చిక్కును పిల్లలు తామే కనుగొనువరకు ఉపాధ్యాయుడు పెదవి విప్పకుండుట మంచిది.

ఇపుడు మునుగు పాత్రను చూడవలెను. అడుగున రంధ్రముగల గిన్నె నీటిపై తేలుచున్నది. దాని బరువును మోయుటకు ఎంత నీరు తొలగవలెనో, అంత మేర వెలుపలి మట్టము లోపలి మట్టముకంటె ఎత్తున నుండును. గిన్నె గోడలు నిలువుగా నున్నచో ఈ వ్యత్యాసము మొదటినుండి కడవరకు మారదు, లోనికి వచ్చు ధార వేగమును మారదు. కారు కుండలోని దోషము ఈ పాత్రలో మొదలే లేదు. కుండను వదలి గిన్నెను చేపట్టిన పూర్వుల వివేకము ఇచట తెలియుచున్నది. అర్ధగోళాకారపు గిన్నెలో వేగము కొంత మారును గాని, అంచు మునిగిన క్షణమును మాత్రమే గుర్తించుదుము గనుక నష్టము లేదు.

ఒక లెక్క వేయుదము. 8 సెంటీమీటర్ల అడ్డుకొలత, 10 సెంటీమీటర్ల ఎత్తు, 100 గ్రాముల బరువుగల పలుచని గ్లాసు. అడుగు వైశాల్యము 50 చదరపు సెంటీమీటర్లు. కనుక రెండు మట్టముల వ్యత్యాసము 2 సెంటీమీటర్లు. ఆ వ్యత్యాసమునకు నీరు సెకండుకు సుమారు 63 సెంటీమీటర్ల వేగమున దూసికొని వచ్చును. రంధ్రమున ధార సన్నబడుటచేత లెక్కకు వచ్చిన నీటిలో పదింట ఆరు వంతులే లోనికి చేరును. 400 ఘనసెంటీమీటర్లు చేరగానే గ్లాసు మునుగును. ఇది 24 నిమిషములలో జరుగవలెనన్న రంధ్రము 1 మిల్లీమీటరుకంటె రవంత సన్నముగా నుండవలెను. మేకు లావుదై 2 మిల్లీమీటర్ల రంధ్రము పడినచో గ్లాసు ఆరు నిమిషములలోపలనే మునిగిపోవును. అడ్డుకొలత రెట్టింపైన వైశాల్యము నాలుగింతలగును గదా! రంధ్రపు వెడల్పులో పదవవంతు పొరపాటు కాలములో అయిదవవంతు పొరపాటగునని పిల్లవాడు ఇచట గ్రహించును. ఏ కొలతలో జాగ్రత్త అధికముగా వలయునో, ఏ కొలతలో స్వల్పముగా చాలునో తెలిసికొనుటయే యంత్రరచనలో మొదటి మెట్టు.

లెక్క ఒకటి, చేత ఒకటి. మేకు దిగిన చోట లోపలివైపున లోహము చిట్లి అంచు లేచును. దానిని ఆకురాయితో నునుపు చేయనిచో ధార మారును. రంధ్రము నడుమ పడక ప్రక్కకు జరిగినను, అడుగు తేలికైనను, గ్లాసు ఒరిగి ముందే మునుగును. చలికాలపు నీరు చిక్కనిదై సన్నరంధ్రమున మెల్లగా పారును. ఒక్కసారి ఒక్క అంశమును మాత్రమే మార్చి ఫలితమును వ్రాసికొనవలెను. రంధ్రమును పెద్దది చేసి, బరువును గూడ మార్చినచో, కాలము ఏల మారినదో చెప్పు సాక్షి మిగులదు. రంధ్రమును పెద్దది చేయుట సులభము, చిన్నది చేయుట కష్టము. అందుచేత ఎల్లప్పుడు సన్నగానే మొదలిడవలెను. ఇది పాఠశాలలో నేర్చినవాడు రేపు వంతెన కట్టునప్పుడును మరువడు.

ఇచట భాస్కరాచార్యుని మాట స్మరింపదగినది. 1114లో జన్మించిన ఆ మహనీయుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణి యంత్రాధ్యాయమున గడియపాత్రను ప్రస్తావించెను. పది పలముల రాగి, ఆరంగుళముల ఎత్తు మున్నగు పూర్వుల కొలతలు యుక్తికి నిలువవనియు, చేయుట దుర్ఘటమనియు ఆయన నిర్మొహమాటముగా చెప్పెను. ఆయన చెప్పిన విధము మిక్కిలి సులభము. కుండసగము వంటి రాగిపాత్రను చేసి అడుగున రంధ్రము పెట్టుము. ఒక అహోరాత్రమున అది ఎన్నిమార్లు మునుగునో లెక్కించుము. ఆ సంఖ్యతో అహోరాత్రమును భాగించినచో ఆ పాత్ర యొక్క మానము తెలియును. 64 మార్లు మునిగినచో ఆ పాత్ర ఒక్కసారి మునుగుట 22½ నిమిషములు. పాత్రను గడియకు సరిపెట్టుటకై చేతులు నొప్పిపెట్టుకొననక్కరలేదు; పాత్ర చెప్పు కాలమును తెలిసికొనిన చాలును.

ఇందువలన పురాణవచనమునకు లోటు వచ్చునా యని సాత్త్వికులు శంకింపవచ్చును. రాదు. పలము, మాషము దేశమును బట్టి మారు తూకములు. పౌరాణికుడు కాలమునకు ఒక మానమును నిర్దేశించెను. గణకుడు ఆ మానమును ఏ యూరి తూకములతోనైనను సాధించు మార్గమును చూపెను. రెండింటి ప్రయోజనములు వేరు.

మునుకల లెక్కలో ఒక దొంగ దాగియున్నాడు. మునిగిన పాత్రను తీసి, వంపి, మరల ఉంచుటకు మూడు సెకండ్లు పట్టెననుకొందము. 60 మార్లకు మూడు నిమిషములు! ప్రతిసారి ఒకేవైపునకు లాగు పొరపాటు గనుక ఎన్నిమార్లు చేసినను అది సగటులో కరగిపోదు. రెండు పాత్రలను చేసి, ఒకటి మునిగిన తక్షణమే రెండవదానిని నీటిపై వదలుట దీనికి మందు. పిల్లలు ఈ ఉపాయమును తామే కనుగొన్ననాడు వారి సంతోషము పరీక్షలో నూటికి నూరు వచ్చినదానికంటె అధికముగా నుండును.

లీలావతి కథ అందరెరిగినదే. వివాహలగ్నము నిర్ణయించుటకు నీట నుంచిన గిన్నెలోనికి ఆమె తొంగిచూడగా ఆభరణమునుండి ముత్యమొకటి జారి రంధ్రమును మూసెననియు, లగ్నము తప్పెననియు చెప్పుదురు. 1587లో లీలావతీగ్రంథమును పారసీకమున అనువదించిన ఫైజీ ఈ కథను పేర్కొనెను. చరిత్రగా దీనికి ఆధారము లేదు. కాని యంత్రము చేయువానికి ఈ కథ విలువైనది. పరికరము చెడినప్పుడు చెడినట్లు తెలియజేయు గుర్తు అందు లేదు. గిన్నె ప్రశాంతముగా తేలుచునే యున్నది! సూర్యసిద్ధాంతము కపాలయంత్రమును చెప్పుచు నిర్మలజలమునే విధించుటలోని అంతరార్థమిదియే. నీటిని గుడ్డతో వడబోయుట, గిన్నెపై పలుచని జల్లెడ కప్పుట, రెండు గిన్నెలను ఒకేసారి వదలి ఒకదానికొకటి సాక్షిగా నుంచుట – ఈ మూటిలో ఏది మేలో పిల్లలు వాదించుకొననిండు.

గిన్నె గడచిన కాలమును చెప్పును గాని, ఇప్పుడు వేళ యెంతయో చెప్పజాలదు. దానికి సూర్యుడే శరణ్యము. నున్నని చదునునేలపై పన్నెండంగుళముల శంకువును నిలువుగా నాటి, దానిచుట్టు వృత్తము గీయవలెను. పూర్వాహ్ణమున నీడకొన వృత్తములోనికి ప్రవేశించు చోటును, అపరాహ్ణమున వెడలు చోటును గుర్తించి కలిపిన తూర్పుపడమరల రేఖ వచ్చును. ఆ రెండు బిందువులనుండి గీసిన చాపములు ఒకదానినొకటి ఖండించి మీనాకృతి నేర్పరచును. చేప నోటినుండి తోకకు గీసిన రేఖ ఉత్తరదక్షిణరేఖ. ఆలయనిర్మాణమునకు ముందు దిక్సాధనము చేయుటకు స్థపతులు అనుసరించు పద్ధతి ఇదియే. గర్భాలయము తూర్పుముఖముగా నిలుచుటకు మూలము ఒక కొయ్య, ఒక త్రాడు, రెండు చుక్కలు.

విషువదినమున మధ్యాహ్నపు నీడ పొడవును పలభ యందురు. కేసముద్రపు అక్షాంశము దాదాపు 17 డిగ్రీల 41 కళలు గనుక అచట పలభ సుమారు 3 అంగుళముల 50 వ్యంగుళములు. డిసెంబరు చివర ఉత్తరపు వైపున పదిన్నర అంగుళముల నీడ పడును. పిదప నీడ తగ్గుచు తగ్గుచు మే 10, 11 తేదీల ప్రాంతమున మధ్యాహ్నము శంకువు నీడ పూర్తిగా పాదములోనికి ఒదిగిపోవును. మరునాటినుండి అది దక్షిణమునకు మొగ్గును! ఆగస్టు 2 ప్రాంతమున మరల శూన్యమై ఉత్తరమునకు తిరుగును. సూర్యుడు ఎల్లప్పుడు దక్షిణపువైపుననే యుండునని బొమ్మలలో చదివిన పిల్లలకు ఇది వింతగా తోచును. ఆ బొమ్మలు వేసినవారి దేశములు వేరు.

వెదురు, కొయ్య, దారము మాత్రముతో ఎంతటి సూక్ష్మత సాధింపవచ్చునో సందేహించువారికి ఒడిశాలోని ఖండపడకు చెందిన సామంత చంద్రశేఖరుడు (1835–1904) సమాధానము. దూరదర్శిని తోడ్పాటు లేక, తాను చేసికొన్న పరికరములతోనే గ్రహగతులను సరిచూచి సిద్ధాంతదర్పణమును రచించెను. అది 1899లో అచ్చైనది.

తెలుగునేలపై ఛాయాయంత్రమును చూడగోరు యాత్రికులకు అన్నవరము రత్నగిరి యున్నది. శ్రీ వీరవేంకట సత్యనారాయణస్వామి సన్నిధిని 1943లో పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రి నిర్మించిన ఛాయాగడియారమును దర్శనమైన పిదప ఎందరో చూచి తమ చేతిగడియారములతో సరిపోల్చుకొనుచుందురు. దానివంటిదే కేసముద్రమున నిర్మించినచో సరిపడునా? అక్షాంశములు రెండింటికిని నడుమ అరడిగ్రీ యైనను భేదము లేదు గనుక పలకయు ముల్లును దాదాపు అట్లే పనిచేయును. చిక్కు రేఖాంశమున నున్నది. భారతదేశపు ప్రామాణికకాలము 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి నిర్ణీతమైనది. అన్నవరము ఆ రేఖకు అతిసమీపమున నున్నది. భేదము అర నిమిషమునకు లోపలనే. కేసముద్రము 79 డిగ్రీల 53 కళల ప్రాంతమున నుండుటచేత అచట సూర్యుడు పదిన్నర నిమిషములు ఆలస్యముగా నడినెత్తికి వచ్చును. చక్కగా పనిచేయుచున్న యంత్రమును యథాతథముగా వేరొక చోటికి మోసికొనిపోయిన అది తప్పుచెప్పును. తప్పు యంత్రముది కాదు.

పలకపై గంటల గీతలు గీయుటలో మరొక మెలకువ కలదు. నేలకు సమముగా పరచిన పలకపై, కేసముద్రము వంటి తక్కువ అక్షాంశమున, మధ్యాహ్నమునకు మొదటి గంట గీత నాలుగున్నర డిగ్రీలకు కొంచెము మించి, రెండవది పది డిగ్రీలకు వచ్చును. అయిదవది మాత్రము 48½ డిగ్రీలకు పోవును. నడిప్రొద్దు గీతలు ఇరుకై చదువుటకు వీలుపడదు. పలకను ఏటవాలుగా నిలిపి, సైకిలు చువ్వను ధ్రువమువైపు 17 డిగ్రీల 41 కళల కోణమున దానికి లంబముగా గ్రుచ్చినచో గంటకు సరిగా 15 డిగ్రీల చొప్పున గీతలు సమానముగా వచ్చును. కాని మార్చి 21 నుండి సెప్టెంబరు 23 వరకు పై ముఖమున, తక్కిన ఆరునెలలు క్రింది ముఖమున నీడ పడును; రెండువైపుల గీతలు గీయవలెను. ఒక సౌకర్యమునకు ఒక అసౌకర్యము వెల.

పదిన్నర నిమిషముల లెక్క పండితులకు మాత్రమే వలయునని గృహస్థులు అనుకొనరాదు. తిథి ముగియు క్షణము అన్ని యూళ్ళకు ఒక్కటే. కాని పంచాంగమున వ్రాయు గడియలు ఆ పంచాంగము ఏ యూరికి గణింపబడినదో ఆ యూరి సూర్యోదయమునుండి లెక్కించినవి. హైదరాబాదుకంటె కేసముద్రమున, రేఖాంశభేదము చేతనే, సూర్యుడు అయిదు నిమిషములకు పైగా, అనగా సుమారు 14 విఘడియల ముందు ఉదయించును. హైదరాబాదు పంచాంగపు గడియలను తమ యూరి ఉదయమునుండి లెక్కించువారు ద్వాదశి నిజముగా ముగియుటకు ముందే ముగిసినదని భావింతురు. వ్రతమునకు హాని లేదు. విజయవాడ పంచాంగమును అట్లే వాడినచో తిరుగుముఖమై, మూడు నిమిషములు దాటిన పిదప కూడ ఇంకను ద్వాదశి యున్నదని భ్రమపడుదురు. గడియలతోపాటు గంటల నిమిషములను కూడ ముద్రించు పంచాంగములలో ఆ గంటలను అనుసరించుట క్షేమము.

శంకుచ్ఛాయను గోడగడియారముతో సరిపోల్చు పిల్లలకు ఇంకొక విశేషము ఎదురగును. కేసముద్రమున మధ్యాహ్నము ప్రతిదినము 12 గంటల 10 నిమిషములకే రాదు. భూమి సూర్యుని చుట్టు దీర్ఘవృత్తమున తిరుగుటచేతను, దాని అక్షము వాలియుండుటచేతను, నవంబరు 3 ప్రాంతమున 11 గంటల 54 నిమిషములకే నీడ ఉత్తరరేఖను తాకును. ఫిబ్రవరి 11 ప్రాంతమున 12 గంటల 25 నిమిషముల వరకు వేచియుండవలెను. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 – ఈ నాలుగు తేదీల ప్రాంతమున మాత్రము ఈ వ్యత్యాసము శూన్యము. కొత్తగా చేసిన గడియకుడుకను, ఛాయాయంత్రమును మొదటిసారి పరీక్షించుటకు ఆ దినములలో ఒకదానిని ఎంచుకొనుట మేలు. జూన్ నెలలో మబ్బులు అడ్డువచ్చును గనుక ఏప్రిల్ గాని డిసెంబరు గాని అనుకూలము.